అంతర్యుద్ధంలో పట్టుబడ్డ సైనికులు శిబిరాల్లో అంతమంది ఎందుకు చనిపోయారు?

ప్రశ్న అడిగిన అమ్మాయి విశాఖలోనే ఎం.ఏ. చరిత్ర చదువుతోందట. సెమినార్ పేపర్ కోసం అడిగింది. ప్రశ్న క్లుప్తంగా ఇది: 1861–65 అమెరికా అంతర్యుద్ధంలో (బానిసత్వం గొడవలో విడిపోయిన దక్షిణ రాష్ట్రాలకూ, వాటిని విడిపోనివ్వని ఉత్తరానికీ మధ్య జరిగింది) రెండు వైపులా ఉన్నది ఒకే దేశం వాళ్ళు, మాట్లాడింది ఒకే భాష. అయినా పట్టుబడ్డవాళ్ళని అంత ఘోరంగా ఎందుకు చూశారు? కావాలనే చంపారా? దక్షిణం నడిపిన ఆండర్సన్‌విల్ శిబిరం ఒక్కటే అలాంటిదా? బతికొచ్చినవాళ్ళ జ్ఞాపకాలు ఎంతవరకు నమ్మొచ్చు? ఒక్క ఖైదీ కథతో పేపర్ ముగించాలంటే ఎవరిది తీసుకోవాలి?

సూటిగా జవాబు చెబుతాను. వాళ్ళలో ఎక్కువమందిని చంపినవి విరేచనాలు, రక్త విరేచనాలు, స్కర్వీ (సి విటమిన్ లేక వచ్చే జబ్బు), కుళ్ళిన పుళ్ళు. అందుకు దారి తీసింది 1863లో ఖైదీల మార్పిడి ఆగిపోవడం. అంతకుముందు ఒప్పందం ప్రకారం పట్టుబడ్డవాణ్ణి పది రోజుల్లో వదిలెయ్యాలి. మార్పిడి ఆగాక నెలల తరబడి, కొందరైతే ఏడాది దాటి లోపలే ఉండిపోయారు. అంతమందిని అంతకాలం ఉంచడానికి ఏ వైపూ సిద్ధంగా లేదు. సిద్ధపడాలన్న మనసూ పెట్టలేదు. కాబట్టి శిబిరాల్లో ఏం జరిగిందన్నదానికంటే ముందు, మార్పిడి ఎందుకు ఆగిందన్నది మీ పేపర్‌లో రావాలి.

నేను 29 ఏళ్ళు డిగ్రీ, పీజీ పిల్లలకు చరిత్ర చెప్పాను. అందులో సగం కాలం అమెరికా చరిత్ర పేపర్ నా చేతిలోనే ఉంది. వేసవి సెలవులొస్తే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్ళేవాణ్ణి. ఉస్మానియా ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ ఉండేది. అప్పట్లో మా జిల్లాల లెక్చరర్లకు ఆ లైబ్రరీయే దిక్కు. అమెరికా ప్రభుత్వం అచ్చువేసిన అంతర్యుద్ధ పత్రాల్లో రెండో శ్రేణి ఎనిమిది సంపుటాలూ ఖైదీల గురించే. అవీ, ఖైదీల డైరీలూ చదవడం మొదలుపెట్టాక యుద్ధం అంటే దండయాత్రలు, సేనానులు అని చెప్పడం నా వల్ల కాలేదు. ఆ పాఠానికి సిలబస్‌లో ఒక గంట ఇస్తే నేను నాలుగు గంటలు తీసుకునేవాణ్ణి.

ముందు అంకెలు. రెండు వైపులా కలిపి శిబిరాల్లో ఉన్నవాళ్ళు దాదాపు 4 లక్షల 10 వేల మంది. చనిపోయినవాళ్ళు దాదాపు 56 వేలు. వాళ్ళలో దక్షిణం శిబిరాల్లో పోయిన ఉత్తరం సైనికులు సుమారు 30 వేలు, ఉత్తరం శిబిరాల్లో పోయిన దక్షిణం సైనికులు సుమారు 26 వేలు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కనే పెట్టండి. ఒకటే చెప్పి రెండోది దాచేసే రచయిత ఏదో ఒక వైపు వకాల్తా పుచ్చుకున్నాడని అర్థం.

మార్పిడి ఎలా సాగేది, ఎందుకు ఆగింది

యుద్ధం మొదట్లో ఉత్తరం వైపు అధ్యక్షుడు లింకన్‌కు ఒక చిక్కు ఉంది. దక్షిణం వాళ్ళు ఆయన దృష్టిలో వేరే దేశం కాదు, తిరుగుబాటుదార్లు. వాళ్ళతో ఒప్పందం మీద సంతకం పెడితే వాళ్ళని ఒక ప్రభుత్వంగా ఒప్పుకున్నట్టే అవుతుంది. పెట్టకపోతే అవతల పట్టుబడ్డ తన సైనికుల గతేం కాను? వాళ్ళ తల్లిదండ్రులు ఊరుకోరు. చివరికి ప్రభుత్వానికీ ప్రభుత్వానికీ మధ్య అనకుండా, సైన్యానికీ సైన్యానికీ మధ్య అన్నట్టుగా 1862 జులై 22న ఉత్తరం తరఫున జనరల్ డిక్స్, దక్షిణం తరఫున జనరల్ హిల్ ఒప్పందం చేసుకున్నారు.

అందులో మనుషుల మారకం రేటు ఉంది. సిపాయికి సిపాయి. లెఫ్టినెంట్‌కు నలుగురు సిపాయిలు, కెప్టెన్‌కు ఆరుగురు, కర్నల్‌కు పదిహేను మంది, సర్వసేనానికి అరవైమంది. లెక్క సరిపోక మిగిలినవాళ్ళు 'నా మార్పిడి లెక్క తేలేదాకా ఆయుధం పట్టను' అని మాట ఇచ్చి వెళ్ళొచ్చు. దాన్నే పెరోల్ అన్నారు. ఈ పద్ధతిలో లోపాలు ఉన్నాయి, మోసాలూ జరిగాయి. కానీ నడిచినన్నాళ్ళూ శిబిరాలు పలచగా ఉండేవి. అది చాలామంది ప్రాణాలు కాపాడింది.

తర్వాత ఉత్తరం సైన్యంలో నల్లజాతివాళ్ళు చేరడం మొదలైంది. వాళ్ళలో చాలామంది నిన్నటిదాకా బానిసలు. దక్షిణం అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ 1862 డిసెంబర్‌లోనే ప్రకటన చేశాడు: ఆయుధంతో పట్టుబడ్డ బానిసని యుద్ధఖైదీగా చూడం, రాష్ట్రాలకు అప్పగిస్తాం, అక్కడి చట్టం ప్రకారం శిక్ష ఉంటుంది. 1863 మే నెలలో వాళ్ళ కాంగ్రెస్, నల్లజాతి దళాలకు నాయకత్వం వహించిన తెల్ల అధికారులకు మరణశిక్ష కూడా వెయ్యొచ్చని తీర్మానించింది. ఉత్తరం దీనికి ఒప్పుకోలేదు. మా యూనిఫాం వేసుకున్నవాడెవడైనా మా సైనికుడే, మార్పిడి అంటే అందరికీ, లేదంటే ఎవరికీ లేదు అంది. 1863 వేసవికల్లా ఒప్పందం కుప్పకూలింది.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ఉత్తరం సేనాని జనరల్ గ్రాంట్ మార్పిడి ఆపించి తన సైనికుల్నే చంపుకున్నాడని కొందరు రాస్తారు. గ్రాంట్ 1864 ఆగస్టులో రాసిన ఉత్తరం ఉన్న మాట నిజం. వదిలిపెట్టిన ప్రతి దక్షిణం సైనికుడూ మళ్ళీ తుపాకీ పట్టుకుని ఎదురవుతాడు, లోపలున్న మనవాళ్ళకు ఇది కష్టమే అయినా బయట పోరాడుతున్నవాళ్ళ పట్ల ఇదే మానవత్వం అన్నది దాని సారాంశం. చదివినప్పుడల్లా గుండె బరువెక్కే ఉత్తరం అది. కానీ తేదీలు చూడండి. ఒప్పందం కూలింది 1863లో. గ్రాంట్ మొత్తం సైన్యాలకు అధిపతి అయింది 1864 మార్చిలో. 1865 జనవరిలో, నల్లజాతి సైనికులతో సహా అందర్నీ మార్చుకుందామని దక్షిణం దిగివచ్చాక, అదే గ్రాంట్ ఒప్పుకున్నాడు. ఆయన లెక్క మంటని ఎక్కువకాలం మండించింది. మంట రాజుకున్నది మాత్రం మనిషిని మనిషిగా లెక్కపెట్టం అన్నచోట.

మరి ఆ నల్లజాతి ఖైదీల సంగతో? చాలామంది శిబిరందాకా రానేలేదు. 1864 ఏప్రిల్ 12న టెనెసీలో ఫోర్ట్ పిల్లో దగ్గర లొంగిపోతున్నవాళ్ళని కూడా చంపేశారు. కొందర్ని తిరిగి బానిసత్వంలోకి తోశారు. డైరీలు రాసిన ఖైదీలు అత్యధికం తెల్లవాళ్ళే కాబట్టి, డైరీల మీదే ఆధారపడితే వీళ్ళు మీ పేపర్‌లోంచి జారిపోతారు. నా మొదటి రెండేళ్ళ పాఠాల్లో నేను చేసిన పొరపాటు అదే.

ఆండర్సన్‌విల్ లోపల

జార్జియా రాష్ట్రంలో పైన్ దుంగలు నిలువుగా పాతి కట్టిన పెద్ద దడి అది. 1864 ఫిబ్రవరి చివర్లో మొదటి ఖైదీలు వచ్చారు. పదివేల మందికని వేసిన పదహారున్నర ఎకరాల స్థలాన్ని ఆ వేసవిలో ఇరవై ఆరున్నర ఎకరాలకు పెంచారు. ఆగస్టుకి లోపల దాదాపు 33 వేల మంది ఉన్నారు. 14 నెలల్లో మొత్తం 45 వేల మంది ఆ గేటు దాటి లోపలికి వెళ్ళారు. దాదాపు 13 వేల మంది ప్రాణాలతో బయటికి రాలేదు.

ఈ అంకెలు చదివితే పిల్లలకు ఏమీ తగిలేది కాదు. మనకు స్థలం అంటే గజాల్లో చెప్తేనే తెలుస్తుంది కదా. ఇరవై ఆరున్నర ఎకరాలంటే 1,28,260 గజాలు. 33 వేలతో భాగిస్తే మనిషికి నాలుగు గజాలు కూడా రాదు. నేను క్లాసు బయట వరండాలో సుద్దముక్కతో ఆరడుగులకు ఆరడుగులు గడి గీసేవాణ్ణి. సరిగ్గా నాలుగు గజాలు. ఒకరిని అందులో పడుకోమనేవాణ్ణి. పడుకున్నాక పక్కన పుస్తకాల సంచి పెడితే నిండిపోయేది. ఆ తర్వాత సుద్ద మళ్ళీ తీసుకుని ఒక పక్క కొంత చెరిపేసేవాణ్ణి. శిబిరం మధ్యలో బురద ఉంది, అక్కడ మనిషి పడుకోలేడు. దడి వెంబడి లోపలివైపు 19 అడుగుల మేర ఎవరూ అడుగు పెట్టకూడదు. అవి తీసేస్తే మిగిలేది మూడు గజాల పైచిలుకు. అందులోనే పడక, వంట, జబ్బు, అన్నీ. పైన కప్పు లేదు. దుప్పటి ఉన్నవాడు రెండు కర్రలు పాతి దాన్ని కప్పుకున్నాడు, లేనివాడు జార్జియా ఎండలో గుంట తవ్వుకుని అందులో పడుకున్నాడు. ఒక ఏడాది ఆ గడిలో పడుకున్న కుర్రాడు లేచి, "ఎన్నాళ్ళు సార్?" అన్నాడు. నాకు కావలసిన ప్రశ్న అదే.

ఆ 19 అడుగుల హద్దుని డెడ్ లైన్ అనేవాళ్ళు. ఒక సన్నటి చెక్క కంచె, అంతే. దాటితే, ఒక్కోసారి దాని మీదికి చెయ్యి చాచినా, పైనున్న కాపలావాడు కాల్చొచ్చు. ఇప్పుడు మన ఆఫీసుల్లో రోజుకు పదిసార్లు వాడే మాట ఆ ఖైదీల శిబిరాల నుంచి వచ్చిందే.

నీళ్ళ సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చావుల గుట్టు అందులోనే ఉంది. శిబిరం మధ్యలోంచి ఒక వాగు పారేది. మన మేఘాద్రి గెడ్డలో పదోవంతు కూడా ఉండదు. ఎగువన కాపలా సైన్యం ఉంది, వంటశాల ఉంది. వాళ్ళ మురికీ, వంటశాల జిడ్డూ కలిశాకే నీళ్ళు దడి కింద నుంచి లోపలికి వచ్చేవి. లోపల 33 వేల మందికి తాగడానికీ, కడుక్కోవడానికీ అదే. దిగువన మరుగుదొడ్లు. విరేచనాలు పట్టుకున్నవాళ్ళు అంతదూరం నడవలేక వాగు ఒడ్డునే కూర్చునేవాళ్ళు. ఒడ్డు మొత్తం పురుగులు లుకలుకలాడే బురద అయిపోయింది. ఎండాకాలం ముదిరేసరికి రోజుకు వంద దాకా చావులు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో మూడో రోజుకే బకెట్ నీళ్ళ దగ్గర మాటామాటా పెరగడం చూశాను. మాకు ట్యాంకర్ వస్తుందన్న నమ్మకం ఉంది, పైన కప్పుంది. ఆ రెండూ తీసేసి ఊహించుకోండి.

తిండి. మొక్కజొన్న పిండి, ఒక్కోరోజు కాస్త ఉప్పు మాంసం, లేదా బొబ్బర్లు. ఒక ఏడాది అరకు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి క్లాసులో లేచి, "మొక్కజొన్న అంబలి మేమూ తాగుతాం సార్, మరి వాళ్ళకేమైంది?" అని అడిగింది. నేను ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న పాఠంలో అంత మంచి ప్రశ్న రాలేదు. ఆ అమ్మాయినే అడిగాను, మీ అమ్మ ఏం చేస్తుందో వరసగా చెప్పు అని. గింజలు ఒలిచి, విసిరి, జల్లెడ పట్టి, బాగా ఉడికించి, పక్కన ఆకుకూరో పప్పో పెడుతుంది అంది. శిబిరంలో ఇచ్చింది కండెతో సహా మరాడించి జల్లించని పిండి. కండె పొట్టు పేగుల్ని గీరేది. ఉడికించుకుందామంటే గిన్నె లేదు, కట్టెలు లేవు. దడి బయట అంతా అడవే, కానీ కట్టెలు తెచ్చుకోవడానికి మనుషుల్ని చాలినంతగా పంపలేదు. ఇక ఆకుకూర, పండు అన్నమాటే లేదు. సి విటమిన్ లేక స్కర్వీ వచ్చింది. చిగుళ్ళు వాచి నల్లబడి పళ్ళు ఊడేవి, కాళ్ళ నరాలు బిగుసుకుని మోకాలు చాపలేకపోయేవాళ్ళు, ఎప్పుడో మానిన గాయం మళ్ళీ నోరు తెరిచేది. మన ఇళ్ళల్లో రోజుకో నిమ్మచెక్క, గుప్పెడు గోంగూర చేసే పని అది. ఆ అమ్మాయి అంత శ్రద్ధగా నోట్సు రాసుకోవడం అంతకుముందు చూడలేదు.

బయటివాళ్ళకు ఇదంతా తెలియదా? తెలుసు. దక్షిణం సైన్యమే పంపిన తనిఖీ అధికారి కర్నల్ చాండ్లర్ 1864 ఆగస్టులో ఈ చోటు నాగరికతకే తలవంపు అని పై అధికారులకు రాసి పంపాడు. జులైలో ఖైదీల్లో కొందర్ని, మార్పిడి మళ్ళీ మొదలుపెట్టండి మహాప్రభో అన్న అర్జీతో ఉత్తరానికి పంపారు. రెండు రాజధానుల్లోనూ కాగితాలు చేరాయి. అక్కడితో ఆగాయి.

లోపలివాళ్ళ మధ్య

ఖైదీలంతా ఒక్క మాట మీద ఉన్నారనుకోకండి. కాపలావాళ్ళు లోపలి వ్యవహారాలు పట్టించుకోకపోవడంతో 'రెయిడర్లు' అనే ముఠాలు తయారయ్యాయి. కొత్తగా వచ్చినవాడి దుప్పటి, గడియారం, రొట్టె లాక్కునేవాళ్ళు, ఎదిరిస్తే చంపేవాళ్ళు. చివరికి ఖైదీలే తమలో తాము పోలీసు దళం ఏర్పాటు చేసుకుని, జ్యూరీ పెట్టి, శిబిరం అధికారి అనుమతితో 1864 జులై 11న ఆరుగురిని ఉరి తీశారు. ఆ ఆరు సమాధులూ ఇప్పటికీ మిగతావాటికి దూరంగా విడిగా ఉన్నాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది, పిల్లలకు నేను ఎక్కువ సేపు చెప్పేది అదే. బతికినవాళ్ళు ఎలా బతికారు? డోరా కోస్టా, మాథ్యూ కాన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సైనికుల రికార్డులు పట్టుకుని లెక్క తీసి 2007లో ప్రచురించారు. తన దళం వాళ్ళు, స్నేహితులు శిబిరంలో ఎక్కువమంది ఉన్నవాడికి బతికే అవకాశం ఎక్కువగా ఉందని తేలింది. డైరీలు చదివినవాళ్ళకు ఇది ఆశ్చర్యం కాదు. ఒకడు జ్వరంతో పడుంటే ఇంకొకడు వాడి వంతు పిండి తెచ్చేవాడు, నీళ్ళు తెచ్చేవాడు, వాడి దుప్పటికి కాపలా కాసేవాడు. ఒంటరిగా వచ్చినవాడికి ఆ చెయ్యి లేదు.

బయటినుంచి చెయ్యి అందించినవాళ్ళూ అక్కడక్కడా ఉన్నారు. పీటర్ వీలన్ అనే ముసలి క్యాథలిక్ ఫాదర్ దక్షిణం మనిషే. జూన్ నుంచి నాలుగు నెలలు రోజూ ఆ దడి లోపలికి వెళ్ళి చనిపోతున్నవాళ్ళ పక్కన కూర్చున్నాడు. వెళ్ళేముందు అప్పు చేసి గోధుమపిండి కొనిచ్చి, రోగులకు రొట్టెలు చేయించాడు.

ఇలాంటి యుద్ధంలోనే కనిపించే ఇంకో సంగతి, పక్షం మారడం. భాష ఒకటే, ముఖాలు ఒకటే కాబట్టి అది తేలిక. ఉత్తరం శిబిరాల్లో ఉన్న దక్షిణం ఖైదీల్లో సుమారు ఆరువేల మంది, విడుదల కోసం ఉత్తరం సైన్యంలో చేరి పశ్చిమ సరిహద్దుకు వెళ్ళారు. తర్వాత ఆఫ్రికా యాత్రలతో పేరుపొందిన హెన్రీ స్టాన్లీ కూడా షైలో యుద్ధంలో పట్టుబడి, షికాగో శిబిరంలో ఉండి, అలా పక్షం మారినవాడే. వీళ్ళని ద్రోహులనడం నాకు ఇష్టం ఉండదు. స్కర్వీతో కుళ్ళడమా, యూనిఫాం మార్చుకోవడమా అన్నది వాళ్ళ ముందున్న ఎంపిక.

పారిపోయినవాళ్ళ కథలు సినిమాల్లా ఉంటాయి గానీ సంఖ్యలో తక్కువ. వాటిలో బాగా పేరుపొందినది 1864 ఫిబ్రవరిలో దక్షిణం రాజధాని రిచ్‌మండ్‌లోని లిబీ జైలు నుంచి సొరంగం తవ్వి 109 మంది అధికారులు బయటపడటం. 59 మంది సొంత సైన్యాన్ని చేరారు, 48 మంది మళ్ళీ పట్టుబడ్డారు, ఇద్దరు నీళ్ళలో మునిగిపోయారు.

ఉత్తరం చేతులు శుభ్రమా?

కాదమ్మా. న్యూయార్క్ రాష్ట్రంలో ఎల్మైరా శిబిరం 1864 జులైలో తెరిచారు. ఏడాదిలో సుమారు 12 వేల మంది ఖైదీలు వచ్చారు, 2,963 మంది చనిపోయారు. ఆండర్సన్‌విల్ శాతానికి ఇది దగ్గరగానే ఉంది. ఇక్కడ తేడా ఏమిటంటే, దక్షిణానికి తన సైన్యానికే తిండి లేదు, రైళ్ళు కుంటుతున్నాయి. ఉత్తరానికి ఆ సాకు లేదు. ధాన్యం ఉంది, డబ్బు ఉంది. మనవాళ్ళు అక్కడ మాడుతున్నారు కాబట్టి వీళ్ళకూ రేషన్ కొయ్యండి అని 1864లో కోశారు. ఖైదీల వ్యవహారాలు చూసిన అధికారి హాఫ్మన్, యుద్ధం అయ్యాక ఖైదీల ఖాతాలో మిగిలిన డబ్బు 18 లక్షల డాలర్లు ఖజానాకు తిరిగి జమ చేశాడు. ఎల్మైరా గేటు బయట ఎత్తయిన మంచెలు కట్టి, పది పదిహేను సెంట్లు టికెట్ పెట్టి ఖైదీల్ని చూపించారు. లోపలివాళ్ళు ఎలకల్ని పట్టి తింటున్నారు.

లేక పెట్టకపోవడం ఒక నేరం, ఉండి పెట్టకపోవడం ఇంకో నేరం. రెండో దాన్ని తక్కువ చేసి రాయకండి.

జ్ఞాపకాలు నమ్మొచ్చా

నమ్మొచ్చు, కానీ ఎప్పుడు రాశారో ముందు చూడాలి. ఆ రోజు ఆ చోట పెన్సిల్‌తో జేబు డైరీలో రాసినది ఒకటి, ఇరవై ఏళ్ళ తర్వాత పుస్తకంగా అచ్చయినది ఇంకొకటి. యుద్ధం అయ్యాక మాజీ ఖైదీలకు పింఛన్ కోసం ఉద్యమాలు నడిచాయి, రాజకీయాలు నడిచాయి. ఆ కాలపు పుస్తకాల్లో కాపలావాళ్ళంతా రాక్షసులు, చావులన్నీ కాల్పులు. అసలు డైరీలు చదివితే విసుగొచ్చేలా ఉంటాయి: వాన, పిండి తక్కువ ఇచ్చారు, పక్కవాడు పోయాడు, మార్పిడి జరుగుతుందట, ఉత్త పుకారేనట. వారం తర్వాత మళ్ళీ అదే. ఆ విసుగే వాటి విలువ. మార్పిడి పుకారు ఎన్ని రోజులకోసారి వస్తుందో ఒక డైరీ పట్టుకుని లెక్కపెట్టండి. మీ పేపర్‌లో ఆ చిన్న పట్టిక పెడితే పది పేజీల వర్ణనకంటే ఎక్కువ చెబుతుంది.

మా మావయ్యది విజయనగరం దగ్గర పల్లె, సైన్యంలో హవల్దార్‌గా చేశారు. 1971 యుద్ధం తర్వాత పాకిస్తాన్ ఖైదీల శిబిరంలో కొన్నాళ్ళు కాపలా డ్యూటీ పడింది. బీచ్ రోడ్డులో ఆ యుద్ధపు స్మారకం చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు. వాళ్ళు మిమ్మల్ని ఏం అడిగేవాళ్ళు మావయ్యా అంటే, "తిండికి లోటు లేదురా. ఉత్తరాలు వచ్చేవి, రెడ్‌క్రాస్ వాళ్ళు వచ్చి చూసేవారు. అయినా పొద్దున్న లేస్తే ఒకటే మాట, ఎప్పుడు పంపిస్తారు?" అనేవారు. దాదాపు 93 వేల మంది, వాళ్ళలో కొందరు పౌరులు కూడా. 1973 ఆగస్టులో ఢిల్లీ ఒప్పందం జరిగాక దశలవారీగా వెళ్ళారు. కడుపు నిండినా ఆ ప్రశ్న పోలేదంటే, ఆండర్సన్‌విల్ గుంటల్లో ఉన్నవాళ్ళకు అది ఎంత బరువో ఆలోచించండి.

ఇక్కడే చట్టం గురించి ఒక మాట. 1971 ఖైదీలకు 1949 జెనీవా ఒప్పందాల రక్ష ఉంది, ఎందుకంటే అది రెండు దేశాల మధ్య యుద్ధం. దేశం లోపలి యుద్ధంలో పట్టుబడ్డవాడికి ఈనాటికీ అంతర్జాతీయ చట్టం ప్రకారం 'యుద్ధఖైదీ' హోదా దానంతట అదే రాదు. ఆ ఒప్పందాల్లోని మూడో అధికరణం కొట్టకూడదు, చంపకూడదు, అవమానించకూడదు అని కనీస హద్దులు మాత్రం గీస్తుంది. 1918లో ఫిన్లండ్ అంతర్యుద్ధంలో ఓడిన ఎర్రసేన వాళ్ళు సుమారు 80 వేల మందిని శిబిరాల్లో పెడితే, కొద్ది నెలల్లోనే 12 వేలమందికి పైగా ఆకలితో, జబ్బులతో పోయారు. అక్కడా వాళ్ళని చూసింది శత్రు సైనికులుగా కాదు, దేశద్రోహులుగా. శత్రువుతో రేపు సంధి చేసుకోవాలి కాబట్టి కాస్త జాగ్రత్త ఉంటుంది. ద్రోహి విషయంలో ఆ జాగ్రత్త ఉండదు. 'ఒకే దేశం వాళ్ళు కదా' అన్న మీ ప్రశ్నకు నా జవాబు అదే, అందుకే అలా చూశారు.

ఖైదీల్ని మర్యాదగా చూడాలన్న మొదటి రాతపూర్వక సైనిక నియమావళి కూడా ఈ యుద్ధంలోనే పుట్టింది. 1863 ఏప్రిల్‌లో లింకన్ ప్రభుత్వం విడుదల చేసిన లీబర్ నియమావళి. రాసిన ఫ్రాన్సిస్ లీబర్ కొడుకుల్లో ఒకడు దక్షిణం తరఫున పోరాడి చనిపోయాడు, మరొకడు ఉత్తరం తరఫున పోరాడి చెయ్యి పోగొట్టుకున్నాడు. మంచి ఆహారం పెట్టాలి, కక్ష తీర్చుకోకూడదు, రంగు చూసి తేడా చెయ్యకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. మరుసటి ఏడాదే రెండు వైపులా జరిగింది పైన చెప్పాను.

శిక్ష పడింది ముఖ్యంగా ఒక్కడికి. ఆండర్సన్‌విల్ లోపలి అధికారి హెన్రీ వర్జ్‌ను 1865 నవంబర్ 10న వాషింగ్టన్‌లో ఉరి తీశారు. ఆయన క్రూరత్వం మీద సాక్ష్యాలున్నాయి, కొన్ని సాక్ష్యాలు నిలవవు. ఆయన పైఅధికారి జనరల్ విండర్ ఆ ఫిబ్రవరిలోనే చనిపోయాడు. వర్జ్ నిర్దోషి అని నేను అనను. 13 వేల చావులకు ఒక్క కెప్టెన్ మెడ సరిపోతుందన్న లెక్కని మాత్రం ఒప్పుకోను.

చివరి ప్రశ్న, ఎవరి కథతో ముగించాలి అని. డొరెన్స్ ఆట్‌వాటర్ కథ తీసుకోండి. కనెక్టికట్ కుర్రాడు. 1863 జులైలో పట్టుబడ్డాడు, ఆండర్సన్‌విల్‌కు వచ్చేసరికి 19 ఏళ్ళు. చేతిరాత బాగుందని ఆస్పత్రిలో చనిపోయినవాళ్ళ పేర్లు రిజిస్టర్‌లో రాసే పని అప్పగించారు. రోజూ రాసేవాడు: పేరు, దళం, జబ్బు, తేదీ, సమాధి నంబరు. ఈ రిజిస్టర్ ఆ ఇళ్ళకు ఎప్పటికీ చేరదేమోనని అనుమానం వచ్చి, దొంగచాటుగా రెండో ప్రతి రాయడం మొదలుపెట్టాడు. విడుదలైనప్పుడు దాన్ని కోటు అస్తరులో దాచుకుని బయటికి తెచ్చాడు. 1865 వేసవిలో, యుద్ధంలో గాయపడ్డ సైనికులకు సేవచేసిన క్లారా బార్టన్‌తో కలిసి మళ్ళీ అదే చోటికి వెళ్ళి, నంబరు చూసి ఒక్కో సమాధికి పేరు పలక పెట్టించాడు. ఆ జాబితా ఎవరిదన్న తగాదాలో తన సొంత ప్రభుత్వమే అతన్ని విచారించి జైల్లో పెట్టింది, రెండు నెలలకు వదిలింది. 1866లో జాబితా పత్రికాముఖంగా అచ్చయింది. ఏ కొడుకు ఎక్కడ పోయాడో తెలియక ఎదురుచూస్తున్న వేల ఇళ్ళకు అప్పుడు తెలిసింది. ఆ శ్మశానంలో దాదాపు 13 వేల సమాధులుంటే, పేరు తెలియనివి 460 మాత్రమే.